మూడు నెలల గడప

రాయప్ప ఏడ్చిన ఆదివారం సంఘమంతా ఏడ్చింది, ఒక్క సొన్నమ్మ తప్ప.

హూడిలో రైలుపట్టాల అవతల ఉన్న ఆ తెలుగు సంఘం ఒకప్పుడు పెంకుల కొట్టం. ముప్పై మంది చాపల మీద కూర్చుంటే నిండిపోయేది. 2006 వచ్చేసరికి దానికి స్లాబు వేశారు, కుర్చీలు వేశారు, పాటల మాటలు తెర మీద కనబడేటట్టు ఏదో యంత్రం కూడా పెట్టారు. వైట్‌ఫీల్డ్ కంపెనీల్లో పనిచేసే పిల్లలు కార్లలో వచ్చి, పాట పాడి, కార్లలో వెళ్ళిపోతారు. పాస్టరు కూడా ఆ కంపెనీల్లోంచి వచ్చినవాడే. సుధీర్ అని, గుంటూరు వైపు మనిషి. జీతం వదులుకుని సేవకు వచ్చాడని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. సొన్నమ్మ కూడా ఆ ఉదయం దాకా అలాగే చెప్పుకునేది.

ఆ రోజు బల్ల ఆదివారం. నెలకు ఒకసారి రొట్టె విరిచి, ద్రాక్షారసం గిన్నె చేతులు మార్చుకునే రోజు. పాటలు అయిపోయాక, ఇన్నేళ్ళుగా సంఘ పెద్దగా ఉన్న రాయప్ప తన కుర్చీలోంచి లేచి ముందుకు నడిచి మైకు అందుకున్నాడు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా. గొంతు అప్పటికే వణుకుతూ ఉంది.

"నేను తప్పు చేసినా. మా కొడుకు చేతన్ కొత్త ఇంటి గృహప్రవేశంలో వియ్యంకులు హోమం పెట్టించినారు. వాళ్ళు నొచ్చుకుంటారని పక్కన కూసున్నా. బొట్టు పెడతా ఉంటే తల వంచినా. ప్రసాదం తిన్నా. నేను, సంఘ పెద్దని, తిన్నా." ఇక మాట సాగక మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అంత పెద్దమనిషి అలా కూలబడేసరికి ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కీబోర్డు ముందు కూర్చున్న పిల్లవాడు మెత్తగా వాయించడం మొదలుపెట్టాడు. పాస్టరు పరుగున వచ్చి రాయప్పను రెండు చేతులా లేపి కావలించుకున్నాడు.

"అన్నా, ప్రభువు నిన్ను క్షమించాడు! ఇప్పుడే! ఈ క్షణమే!"

చప్పట్లు మోగాయి. హల్లెలూయలు కప్పుకు తగిలాయి.

ఇప్పుడేనా, అనుకుంది సొన్నమ్మ. ఈ క్షణమేనా!

ఆ సంఘంలో పాతకాలం నుంచి ఒక ఆచారం ఉంది. తప్పు చేసి తిరిగి వచ్చినవాడికి, సంఘంలో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఎవరుంటే వాళ్ళు కుడిచెయ్యి ఇవ్వాలి. ఆ చెయ్యి పట్టుకున్నాకే అతనికి బల్ల. మొన్నమొన్నటిదాకా దొడ్డప్ప అనే ముసలాయన ఇచ్చేవాడు. ఆయన పోయాక ఆ వంతు సొన్నమ్మకు వచ్చింది. ఈ సంగతి ఆమెకే జ్ఞాపకం లేదు. పాస్టరు పిలిచేదాకా.

"సొన్నమ్మగారూ, మీరు రండి. మీరే కదా ఇప్పుడు సీనియర్. వచ్చి అన్నకు చెయ్యి ఇవ్వండి."

పక్కన కూర్చున్న పొరుగింటి అక్కయమ్మ మోచేత్తో పొడిచింది. "లే వదినా. పిలుస్తా ఉండారు."

సొన్నమ్మ లేచింది. మోకాళ్ళు నొప్పులు పుట్టి ఏళ్ళయింది, మెల్లగానే నడిచింది. రాయప్ప కన్నీళ్ళ మొహంతో చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి కొంగు లోపలే ఉండిపోయింది.

"పాస్టరయ్యా, మూడు నెలలు ఏమైపోయినాయి?"

"ఏ మూడు నెలలు, అమ్మగారూ?"

"రాయప్పని అడుగు. ఆయనకి గొత్తు, బాగా తెలుసు."

రాయప్ప చాపిన చెయ్యి అలాగే ఉంది. కీబోర్డు ఇంకా మోగుతూనే ఉంది.

"ఆ వాయిద్యం ఆపప్పా, ఈడ ఎవురూ చచ్చిపోలేదు," అంది సొన్నమ్మ. పిల్లవాడు ఉలిక్కిపడి చేతులు తీసేశాడు. "నా మొగుడు ఇదే తప్పు చేసినాడు. జాతర దినం తమ్ముడి ఇంట్లో దేవర మాంసం తిన్నాడు. ఆయన్ని మూడు నెలలు గడప అవతల నిలబడమన్నాడు ఈ రాయప్ప. చెప్పులు ఇడిచే తావులో, వానలో. ఈయన ఏడ్చి మూడు నిమిషాలు కాలా, అప్పుడే దేవుడు క్షమించేసినాడంట! మరి అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పింది అబద్ధమా? రెండూ దేవుడి మాటే అంటే ఎట్లయితాది?"

మైకు రాయప్ప చేతిలోనే ఉండడం వల్ల ఆ మాటలన్నీ గోడలకు తగిలి మళ్ళీ వినబడ్డాయి. సొన్నమ్మ వెనక్కి తిరిగి, కుర్చీల మధ్య నడిచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. బాప్తిస్మం తీసుకున్న తరువాత ఆమె బల్ల విడిచిపెట్టడం అదే మొదలు.

*

సొన్నమ్మ భర్త పేరు పెద్దమునియప్ప. మాలూరు పక్కన పల్లె. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ పని వెతుక్కుంటూ వచ్చి మహదేవపుర వైపు ఇటుక బట్టీల్లో చేరారు. పిల్లలు పుట్టలేదు. ఒకసారి సొన్నమ్మకు జ్వరం తిరగబెట్టి ప్రాణం మీదికి వచ్చినప్పుడు హూడి సంఘంవాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు, గంజి కాచి పోశారు. ఆ గంజి మరవలేక ఆమె సంఘంలో చేరింది. భార్య వెళ్తుంటే తానూ వెళ్ళాడు మునియప్ప. ఆమెలాగా వాక్యం కూడబలుక్కుని చదివే ఓపిక అతనికి లేదు. పాట వస్తే పాడేవాడు, ప్రార్థన పొడుగైతే కునికేవాడు.

1996లో ఊరి జాతరకు తమ్ముడు శ్రీనివాసప్ప పిలిస్తే వెళ్ళాడు. మేకను కొట్టారు, వండారు, పెట్టారు. తిన్నాడు. తిన్నానని తిరిగొచ్చి తానే నవ్వుతూ చెప్పాడు. అప్పుడు పాస్టరు పట్నం నుంచి నెలకు ఒక్కసారి వచ్చేవాడు కాబట్టి సంఘంలో ఏ మాటైనా రాయప్పదే. దేవరకు పెట్టింది తిన్నవాడు మూడు నెలలు బల్ల లేకుండా గడప బయట నిలబడాలి, అది రూలు, అన్నాడు రాయప్ప.

మునియప్ప నిలబడ్డాడు. కానీ ఇంటికి వచ్చాక మాత్రం మండిపడేవాడు. "నేనేం తప్పు చేసినానే? నా తోడబుట్టినోడు పెడితే తింటిని. దానికేమి?" సొన్నమ్మ బతిమాలింది, తిట్టింది. "తప్పయిందని ఒక్క మాట అను. దేవుడు వింటా ఉండాడు." అతను అనలేదు. ఆమె ఎదుట ఎన్నడూ అనలేదు.

మూడో నెల ఇంకా సగం కూడా కాలేదు. ఒక శనివారం సాయంత్రం ఆలస్యంగా వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎక్కడికి పోయినావంటే, "సుమ్నే, ఊరికే, గాలికి," అన్నాడు. మంగళవారం తెల్లవారుజామున గుండె పట్టేసి పోయాడు.

సమాధుల తోట తాళం రాయప్ప దగ్గర ఉండేది. సొన్నమ్మ వెళ్ళి అతని వాకిట్లో కూర్చుంది. "బల్ల బయట పోయినోడికి తోటలో తావు లేదు, సొన్నక్కా. నేను ఏమీ చెయ్యలేను," అన్నాడు. గంట కొట్టించలేదు. ప్రార్థనకు ఎవరినీ పంపలేదు. మధ్యాహ్నానికి శ్రీనివాసప్ప టెంపో తీసుకొచ్చి అన్నను ఊరికి ఎక్కించుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళ పద్ధతిలో అన్నీ చేశారు. సొన్నమ్మను కూడా పసుపు పూసుకుని, పూలు పెట్టుకుని, అవన్నీ తీయించుకోమన్నారు. నేను అవి వదిలిపెట్టి చాలా కాలమైందప్పా, అంది. అయితే దూరంగా ఉండు, అన్నారు. ఆమె రోడ్డు పక్కన నిలబడింది. తప్పెట మోత వినబడింది. గుంత కనబడలేదు. మన్ను ఎప్పుడు పోశారో, ఏ వైపు తల పెట్టారో తెలియదు. మోత ఆగాక అయిపోయిందని అనుకుని బస్సెక్కి వచ్చేసింది. ఇటువాళ్ళూ రానివ్వక, అటువాళ్ళూ రానివ్వక, కట్టుకున్నవాడిని సాగనంపే దారి కూడా లేకపోయింది ఆమెకు.

ఆ తరువాత ఆ ఊరికి వెళ్ళలేదు. సంఘం మాత్రం మానలేదు. మానితే ఎక్కడికి పోవాలి? అయితే ఒక భయం మాత్రం ఎముకల్లో దిగబడిపోయింది. తప్పయిందని అనకుండా పోయాడే, గడప బయటే పోయాడే, రేపు తాను పోయాక ఆ వైపున ఆయన ఉంటాడా, ఉండడా? రొట్టె నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఆ ప్రశ్న గొంతులో అడ్డం పడేది. పదేళ్ళుగా ఆ రొట్టె ఆమెకు సరిగా దిగలేదు.

*

ఆదివారం మధ్యాహ్నమే పాస్టరు సుధీర్ సొన్నమ్మ ఇంటికి వచ్చాడు. ఒకటే గది. అక్కయమ్మ అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఏం జరిగినా చూడకుండా వదులుకునే మనిషి కాదు.

సొన్నమ్మ కాఫీ కలిపి పాస్టరు ముందు పెట్టింది.

"ఇప్పుడు వద్దులెండి, అమ్మగారూ."

"తాగు. కోపమొస్తే కాఫీ ఇయ్యకూడదని ఎవురు చెప్పినారు?"

అతను ఒక గుక్క తాగాడు. "చూడండమ్మా, మునియప్పగారి విషయం నాకు తెలీదు. నేను వచ్చి రెండేళ్ళే కదా. అది చాలా రాంగ్. ఆ ఓల్డ్ రూల్స్ అన్నీ తీసేశాం మనం. ఇప్పుడు గ్రేస్ మీదే నడుస్తోంది చర్చి."

"చానా సంతోషం. నా మొగుడు పోయినాక తీసేసినారు, రాయప్ప తినేదానికి ముందు తీసేసినారు. బాగ చూసి తీసినారు."

అక్కయమ్మ కిసుక్కున నవ్వి, పాస్టరు చూడగానే దగ్గింది.

"అలా కాదమ్మా. బేసిక్ పాయింట్ ఏంటంటే, క్షమించనివాళ్ళకు క్షమాపణ దొరకదని ప్రభువే చెప్పాడు. ప్రార్థనలో రోజూ అనుకుంటాం కదా."

"నాకు చెప్తావా? పొద్దున సాయంత్రం చెప్తా ఆ ప్రార్థన. ఆ మాట కాడికి వచ్చేసరికి నాలిక తిరగదు. మింగేసి ముందరి మాటకి పోతా. పదేండ్లుగా మింగతానే ఉండా. దేవుడికి ఇనబడకుండా ఉంటాదా?"

పాస్టరు గ్లాసు కింద పెట్టాడు. "మీలో బిటర్‌నెస్ ఉందమ్మా. చేదు. అది ఆయన్నేమీ చెయ్యదు, మిమ్మల్నే తినేస్తుంది."

"చేదుండాది. కాకరకాయ తినిపిస్తే చేదు గాక చెరుకుంటాదా నోట్లో? తినిపించినోణ్ణి ఇడిచిపెట్టి నా నోరు కడుగుతా ఉండావే నువ్వు." ఆమె గొంతు పెరిగింది. "సరే, నాకు ఒక్కటి చెప్పు. నా మొగుడు యాడ ఉండాడు?"

పాస్టరు తలవంచుకున్నాడు. "అది... అది మనం జడ్జ్ చెయ్యలేం, అమ్మగారూ. ఆయనకీ దేవుడికీ మధ్య విషయం."

"ఓహో! రాయప్పని క్షమించినాడు, ఇప్పుడే, ఈ క్షణమే అని మైకులో అరిస్తివే, అప్పుడు నీకు ఫోను వచ్చెనా పైనుంచి? నా మొగుడు సంగతి వచ్చేసరికి లైను కట్టయిపోయెనా?"

పాస్టరు తెల్లటి మొహం ఎర్రబడింది. లేచి, చెప్పాల్సింది చెప్పాలన్నట్టు చెప్పాడు. "మీరు చెయ్యి ఇచ్చేదాకా బల్లలో పాలుపొందకపోవడమే మంచిదమ్మా. మీ మంచికే చెప్తున్నా."

"అట్లనా," అంది సొన్నమ్మ. "అయితే నా తావు గడప కాడ. నేర్పించినారు గదా, మాకు గొత్తు ఆ తావు."

*

తరువాతి ఆదివారం సొన్నమ్మ అందరికంటే ముందు వచ్చింది. లోపలికి మాత్రం వెళ్ళలేదు. చెప్పుల వరుస పక్కన, గడపకు ఇవతల, మునియప్ప నిలబడిన చోటే గొడుగు ఊతంగా పట్టుకుని నిలబడింది.

కార్లు దిగినవాళ్ళు ఆమెను చూసి ఆగారు. రమ్య అనే అమ్మాయి కుర్చీ తీసుకొచ్చింది. "ఆంటీ, సీట్స్ ఖాళీగా ఉన్నాయి లోపల. ప్లీజ్, రండి."

"వద్దు తల్లీ. మా ఆయనకి ఎవురూ కుర్చీ ఎయ్యలా. నువ్వు పో, పాట మొదలైతాది."

అక్కయమ్మ మటుకు వదల్లేదు. "వదినా, నిలబడేది నువ్వు. సాయంత్రం ఆ మోకాళ్ళకి నూనె రుద్దేది నేను. నా మీద పగబట్టినావా రాయప్ప మీదనా?"

లోపల పాటలు పాడారు. ప్రసంగం ప్రేమ గురించి. తలుపు తెరిచే ఉంది కాబట్టి ప్రసంగం చేస్తున్న పాస్టరుకు ఎదురుగా ఆ ముసలావిడే కనబడుతోంది. రెండుసార్లు మాట తడబడ్డాడు. రాయప్ప ఆ రోజు వెనక తలుపులోంచి వచ్చి వెనక తలుపులోంచే వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా హూడిలో అదే మాట. ముసలిదానికి ఎంత పంతం అన్నవాళ్ళున్నారు. పాపం అన్నవాళ్ళున్నారు. రాయప్ప కోడలు పాల అంగడి దగ్గర ఎదురుపడి, "మామగారికి నిద్ర లేదు ఆంటీ, బీపీ పెరిగింది," అని ముక్కు చీదింది. సొన్నమ్మ పాలపొట్లం తీసుకుని, "మాత్ర ఏసుకోమను," అని వచ్చేసింది. వచ్చాక ఇంట్లో కూర్చుని తనను తాను అడుక్కుంది. తాను చేస్తున్నది సరేనా? ఇలాగే పోతే? గడప బయటే తనకూ గుండె పట్టేస్తే? అటు ఆయన ఉన్నాడో లేడో తెలియదు, ఇటు తనకూ తావు లేకుండా పోతుంది. అయినా ఆదివారం రాగానే మళ్ళీ వెళ్ళి నిలబడింది.

ఆ రోజు వాన. గాలికి జల్లు గడప మీదికి కొడుతోంది. గొడుగు విప్పినా చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. మూడో పాట జరుగుతుండగా లోపలి నుంచి రాయప్ప లేచి వచ్చాడు. గడప దాటకుండా లోపలి వైపునే నిలబడ్డాడు.

"లోపలికి రా సొన్నక్కా. ఊరంతా నా పరువు తీసింది చాలదా?"

"నేనేం తీసినా? నేను సుమ్నే నిలబడుండా."

"ఆ రూలు నేను పెట్టిందా? నాకు ముందర పెద్దలు పెట్టింది. నేను నడిపించినా, అంతే."

"యాడ రాసుండాది చూపించు. నేను అక్షరం అక్షరం ఏరుకోని చదివినా. ప్రభువు సమాధిలో ఉండిన మూడు దినాలుండాది. మూడు నెలలు యాడా లేదు."

వాన చప్పుడు పెరిగింది. లోపల ప్రార్థన మొదలైంది, అందరి తలలూ వంగి ఉన్నాయి. రాయప్ప ఒక్క అడుగు వేసి గడప దాటి చెప్పుల మధ్యకు వచ్చాడు. నెత్తి మీద వాన పడుతున్నా తుడుచుకోలేదు.

"అక్కా, ఆ దినం నేను ఏడ్చింది ప్రసాదం కోసరం కాదు."

సొన్నమ్మ చూసింది.

"మునియప్ప పోయేదానికి ముందర శనివారం మా ఇంటికి వచ్చినాడు. సాయంత్రం. 'అన్నా, గుండె కాడ పట్టేసినట్ల ఉండాది. నెల నిండేదాకా నాకు టైము ఉండదేమో. తప్పు చేసినా. దేవుడి కాడ ఒప్పుకుంటా, నీ కాడ ఒప్పుకుంటా. రేపే నన్ను లోపలికి తీసుకో' అన్నాడు. చేతులు జోడించినాడక్కా."

"నువ్వేమంటివి?"

"నేను పేపరు చూస్తా ఉంటి. లేచి గూడ నిలబడలా. రూలు రూలే మునియప్పా, నెల ఓపిక పట్టు అంటి. పోతా పోతా 'ఇంట్లో చెప్పద్దు అన్నా' అన్నాడు. సొన్నమ్మ బయపడతాది గుండె నొప్పంటే, అన్నాడు." రాయప్ప చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు. "మంగళవారం పోయినాడు. తోట తాళమిచ్చి లోపల పూడ్చనిస్తే, ఆయన్ని క్షమించినట్లే గదా. అట్లయితే శనివారం ఎందుకు క్షమించలేదని నన్నడగతారు. బయపడితి. ఆయన తప్పు అట్లే ఉండాదని అందరూ అనుకుంటే నా తప్పు కనబడదని... అందుకే తావు లేదంటిని."

సొన్నమ్మకు చెవుల్లో వాన కూడా వినబడడం ఆగిపోయింది. పట్టుకున్న గొడుగు ఎత్తి నేలకేసి కొట్టింది. ఇంకోసారి కొట్టింది. కమ్మి వంగిపోయింది.

"ఎంత పని చేస్తివిరా రాయప్పా! నీ కాళ్ళ కాడికి వచ్చి అడిగినోణ్ణి! నీ వాకిట్లో పీనుగ మాదిరి కూసున్నా నేను, అప్పుడన్నా చెప్పలేదే! పదేండ్లు నా పక్కన రొట్టె తిన్నావే! నీ గొంతు ఎట్ల దిగిందిరా అది? నా మొగుడు నరకానికి పోయినాడేమో అని నేను నిద్రలేక చస్తా ఉంటే, నువ్వు వందనాలు సొన్నక్కా, వందనాలు సొన్నక్కా అని..."

ఊపిరి అందక ఆగింది. ఆగినప్పుడు, ఆ మంటలోనే, ఒక మాట తిరిగి వచ్చి తగిలింది.

"అడిగినాడా?"

"అక్కా?"

"ఆయన నోటితో అడిగినాడా? తప్పు చేసినా అని?"

"అడిగినాడక్కా. రెండు మార్లు అడిగినాడు."

గాలికి పోయొచ్చినా అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అయ్యో, మునియప్పా! ఎన్నడూ వంచని తల వంచి, వెళ్ళి, అడిగి వచ్చావా? సొన్నమ్మ ద్వారబంధం పట్టుకుంది. రాయప్ప ఇవ్వకపోతే ఏమి, దేవుడు రాయప్ప తాళం కోసం ఎదురుచూస్తాడా? అడిగినవాడికి ఇస్తానన్నాడు. ఇచ్చే ఉంటాడు, ఆ శనివారమే, రాయప్ప పేపరు మడవకముందే. పదేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డది కదిలింది.

అప్పుడు రాయప్ప తడిసిన చేతులు రెండూ జోడించాడు. "నన్ను క్షమించు సొన్నక్కా. దేవుణ్ణి అడిగినా. నిన్ను అడగలేదు. ఇప్పుడు అడగతా ఉండా."

ఆమెకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. రాయప్ప మీద కాదు, ఈసారి ఏకంగా దేవుడి మీదే. ఎంత ఇరుకున పెట్టావయ్యా తండ్రీ! అడిగితే చాలని ఇప్పుడే కదా నా అంతట నేనే నీకు చెప్పాను. మునియప్ప అడిగాడు కాబట్టి లోపల ఉన్నాడన్నాను. వీడూ అడుగుతున్నాడే! వీడికి చాలదంటే ఆయనకూ చాలదు. ఆయనకు చాలంటే వీడికీ చాలు. తలుపు ఒకటే పెట్టావు, ఇద్దరికీ. వేరే తలుపే దొరకలేదా నీకు?

లోపల ఎవరో ఆమెన్ అన్నారు.

"నాకు చెప్తే చాలదు," అంది చివరికి. "లోపల చెప్పు. నా మొగుడు అడిగినాడని సంఘంలో అందరికీ ఇనబడాల. ప్రసాదం కథ చెప్పినావంటే ఈ గొడుగు నీ మీద ఇరుగుతాది."

"చెప్తా."

రాయప్ప నీళ్ళు కారుతున్న బట్టలతో ముందుకు నడిచాడు. సొన్నమ్మ గడప దాటి అతని వెనకాలే వెళ్ళింది, పారిపోతాడేమో అన్నట్టు. మైకు తీసుకుని రాయప్ప చెప్పాడు. ఈసారి ఏడవలేదు. పేపరు చూస్తూ ఉన్నానని చెప్పాడు, లేచి నిలబడలేదని చెప్పాడు, తాళం ఎందుకు ఇవ్వలేదో చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కీబోర్డు పిల్లవాడు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పాస్టరు సుధీర్ సొన్నమ్మ దగ్గరికి వచ్చాడు. చెయ్యి ఇవ్వమని అడగలేదు. "అమ్మా, ఆ రోజు నేను తొందరపడ్డాను. మిమ్మల్ని అడక్కుండా క్షమించేశాను," అన్నాడు.

"తొందరేలే నీకు," అంది సొన్నమ్మ. రాయప్ప వైపు తిరిగి కుడిచెయ్యి బయటికి తీసింది.

"పట్టుకో. జల్దీ. నా మనసు మారేలోపల."

అతను పట్టుకున్నాడు. ఆమె మొహం మాత్రం గోడ వైపే ఉంది.

*

బుధవారం పొద్దున సొన్నమ్మ కాడుగోడిలో మాలూరు బస్సు ఎక్కేటప్పుడు రాయప్ప వెనకాల వచ్చాడు. మునియప్ప సమాధి దగ్గర ఆనాడు చెయ్యని ప్రార్థన చేస్తానని అతనే అడిగాడు. శ్రీనివాసప్పకు ఫోను చేస్తే, "రా వదినా, ఇన్నేండ్లకి జ్ఞాపకమొచ్చెనా మేము? అన్న కాడికి నేనే పిలుచుకోని పోతా, ఎవురు ఏమంటారో చూస్తా," అన్నాడు.

సొన్నమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీ. రాయప్ప ఆ సీటు చూసి, ఆమెను చూసి, కూర్చోబోయాడు.

"ఈడ వద్దు," అంది. "చెయ్యి ఇచ్చినా. పక్కన కూసోపెట్టుకోని ఊరికి పోయేంత నాకు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు చెప్తా."

రాయప్ప వెనక్కి వెళ్ళి కమ్మి పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలింది. దారి పొడుగునా గుంతలు. ప్రతి గుంతకూ అతను ముందుకు తూలుతున్నాడు, మళ్ళీ నిలదొక్కుకుంటున్నాడు. సొన్నమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది కానీ చెవి మాత్రం వెనకే ఉంది. ఒక పెద్ద గుంతలో బస్సు ఎగిరిపడింది. వెనక ఎవరో అయ్యో అన్నారు.

"ఏయ్ రాయప్పా!" అని తల తిప్పకుండానే అరిచింది. "ఎనక అన్ని సీట్లు ఖాళీగా ఉండాయి గదా, ఏదో ఒకదాంట్లో కూసో! నువ్వు పడి చస్తే ఆ పాపం గూడ నేనే మొయ్యాలనా?"

రాయప్ప ఆమెకు రెండు సీట్ల వెనక కూర్చున్నాడు. కండక్టరు టికెట్లు చింపుతూ, "ఇద్దరూ ఒకే కడెకా అమ్మా, ఒకే ఊరికా?" అని అడిగాడు.

"ఒకే ఊరికే," అంది సొన్నమ్మ విసుక్కుంటూ, "ఒకే మనిషి కాడికే పోతా ఉండాం."